ఐదుకీ ఆరుకీ మధ్య

సాయంత్రం ఐదున్నరకి మింట్ వీధి మొగలో
ఎర్ర గొడుగు పైకెత్తి నిలబడతాను,
చినుకు లేకపోయినా.
వెనకాల ఆరుగురు, ఆరు నీళ్ళ సీసాలు,
మెడల్లో అట్టముక్కల మీద పేర్లు.
ఏడు మజిలీలు, మూడు గంటలు, తలకి పద్దెనిమిది వందలు.
కడుపులో తేడా చేస్తే బాధ్యత మాది కాదని
ముందే సంతకం.

ఒకటి, మురుకు సాండ్‌విచ్.
రెండు మురుకుల నడుమ కీరా, టమాటా, పచ్చటి చట్నీ.
"మార్వాడీ చెయ్యి, అరవ నోరు" అంటాను.
రోజూ అక్కడే నవ్వుతారు,
నవ్వడానికి చోటిచ్చి నేనూ రోజూ అక్కడే ఆగుతాను.
రెండు, బాదం పాలు.
మూడోది నాకే మొహం మొత్తింది, ఆ సంగతి చెప్పను.
ఆవు అడ్డొస్తే ఆవు మీద రెండు ముక్కలు,
కరెంటు పోతే చీకటి మీద నాలుగు.
అంతా కంఠతా.
వాళ్ళు తింటున్నంతసేపూ నేను తినను.
గైడు నోరు మాటలకి అద్దెకిచ్చింది.

ఐదు అయిపోయింది. ఆరు, బర్మా అత్తో:
నారింజ రంగు నూడుల్సు, అరటిదూట చారు.
బీచ్ స్టేషన్ వైపు మలుపు తిరిగి లెక్కపెడితే
ఐదే తలలు.

జురేమా లేదు.
బ్రెజిల్‌లో ఏదో సముద్రపొడ్డు ఊరు ఆవిడది,
అరవై దాటిన మనిషి, తలకి తెల్ల గుడ్డ,
మాట తక్కువ, ముక్కు ఎక్కువ.

వెనక్కి పరిగెత్తాను.
కరెంటు పెట్టె పక్కన, పేరులేని బండి ముందు,
బాణలి మీదికి వంగి ఉంది
ఎప్పుడో పోయిన మనిషి గొంతు అందులోంచి వినపడ్డట్టు.

బొబ్బర్ల వడ.
నా జాబితాలో లేదు.
బోర్డు లేని బండికి కథ అల్లడం కష్టమని వదిలేశాను.
నూకరత్నం తల్లి కడుపులో ఉండగానే
రంగం నుంచి ఓడలో వచ్చిందట.
తెలుగులో పలకరించబోయినప్పుడల్లా
"ఎన్న అక్కా" అని అరవంలో దాటిపోయేదాన్ని.

"ఏటమ్మా, ఏటి కావాలంట ఈవిడికి?"

జురేమా ముందు వేళ్ళతో చెప్పింది:
నానబెట్టడం, పొట్టు పిసకడం, రుబ్బడం,
పిండిలోకి గాలి చేరేదాకా గరిటెతో కొట్టడం.
తర్వాత ఇంగ్లీషులో, అతుకులేసుకుంటూ.
మా ఊళ్ళోనూ ఇవే గింజలు. నూనె మాత్రం ఎర్రగా ఉంటుంది.
తెల్లబట్టల ఆడవాళ్ళు వీధి మూలన కూర్చుని వేస్తారు.
మా అమ్మ వేసేది.
మొదటి వాయిలో చిన్నది ఒకటి ఎవరం తినం,
దారి కాసేవాడికి పెడతాం.

తెలుగు చేసి చెప్పాను.
నూకరత్నం నవ్వలేదు, నోరు తెరవలేదు.
పొయ్యి గట్టు మీద మాడి నల్లబడ్డ బుల్లి వడని
గరిటె కొసతో చూపించింది, అంతే.

ఇక వాళ్ళిద్దరికీ నాతో పనిలేకపోయింది.
నడిమికి చీల్చి రొయ్యలు కూరాలని ఒకరు,
రొయ్యలేటి, ఉల్లిపాయ చాలని ఒకరు,
చేతులతో ఒకటే పోట్లాట.
మిగతా ఐదుగురూ ఫోటోలు తీస్తూ అడుగుతున్నారు,
"ఇది ఎన్నో మజిలీ?"
గొడుగు ముడిచి చంకలో పెట్టుకున్నాను.
ఎవరిచ్చారో, చేతిలోకి కాగితం వచ్చింది, అందులో వడ.
నాలుక కాలింది.
దాని మీద చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్కా లేదు.

అత్తో బండివాడు మూడోసారి ఫోను చేస్తున్నాడు.
చిల్లర లెక్కపెడుతూ నూకరత్నం అంది,
"ఆళ్ళూర్లో ఒక్కోటీ ఎంతకమ్ముతారో అడుగమ్మా."
అడిగాను. రూపాయల్లోకి మార్చి చెప్పాను.

ఆవిడ బాణలి వంక చూసింది,
ఆరుగురినీ ఒకసారి చూసింది,
నా మెడలో వేలాడుతున్న అట్టముక్కని చూసింది.
"మరి నువ్వు? తలకెంత?"